పాత ఇంటి గోడల మీద కరెంటు చరిత్ర

సాలూరు పాత వీధుల్లో పెంకుటిళ్ళు ఏటేటా తగ్గిపోతున్నాయి. మిగిలిన వాటిలో చాలావరకు మనవంటి పెన్షనర్లవే. పిల్లలు విశాఖపట్నంలోనో, బెంగుళూరులోనో స్థిరపడిపోగా, తాతల నాటి ఇంట్లో పెద్దవాళ్ళిద్దరే ఉంటారు. అటువంటి ఇళ్ళ నుంచి ఈ నాలుగైదేళ్ళుగా నాకు ఒకే రకమైన కబురు వస్తోంది. "బ్రేకరు పడిపోతోంది, ఎత్తితే నిలవడం లేదు, ఒకసారి వచ్చి చూడండి" అని. విద్యుత్ శాఖలో 1964 నుంచి 2001 వరకు పనిచేసినవాణ్ణి కనుక ఆ కబురు నా గుమ్మంలోకి రావడం న్యాయమే. నిచ్చెన ఎక్కే వయసు దాటిపోయింది గాని, కింద నిలబడి ఏది విప్పాలో చెప్పగలను.

ఆ ఇళ్ళు చూడగా చూడగా నాకు ఒక సంగతి తోచింది. గోడ మీది తీగను బట్టి ఆ ఇంటికి ఏ కాలంలో ఏమి వచ్చిందో చెప్పవచ్చు. బ్రేకరు ఎందుకు పడుతోందో తేల్చాలన్నా ఆ చరిత్రే తెలియాలి. అందుచేత మన ప్రత్యేక సంచికకు ఈ విషయమే రాస్తున్నాను.

మన ప్రాంతానికి కరెంటు ఆలస్యంగా వచ్చింది. మద్రాసు ప్రభుత్వం 1927లో విద్యుత్ శాఖను ఏర్పాటు చేసి, 1932లో నీలగిరులలో పైకారా, 1937లో మేట్టూరు జలవిద్యుత్ కేంద్రాలను ప్రారంభించింది. ఆ వెలుగంతా దక్షిణాది జిల్లాలకు పోయింది. మన వైపు విశాఖపట్నం, బెజవాడలలో బొగ్గుతో నడిచే చిన్న స్టేషన్లు ఉండేవి. చిన్న ఊళ్ళలో లాంతర్లు, బుడ్డి దీపాలు, పెళ్ళిళ్ళకు పెట్రోమాక్సు లైట్లు. అసలైన మలుపు మాచ్‌ఖండ్‌తో వచ్చింది. సాలూరు నుంచి ఘాటు ఎక్కి సుంకి, పొట్టంగి మీదుగా కొరాపుట్ జిల్లాలోకి పోతే ఆ కొండల్లోనే డుడుమ జలపాతం ఉంది. ఆ నీటి మీద ఆంధ్ర, ఒరిస్సా ప్రభుత్వాలు ఉమ్మడిగా కట్టిన కేంద్రాన్ని 1955 ఆగస్టులో రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆరు యూనిట్లు, మొత్తం సుమారు 115 మెగావాట్లు. ఇప్పుడు విశాఖ దగ్గర సింహాద్రిలో ఒక్కొక్క యూనిట్టే 500 మెగావాట్లు కనుక ఆ లెక్క మీకు చిన్నదిగా కనిపించవచ్చు. కాని ఆనాటి మన జిల్లాలకు అది మహాభాగ్యం. 1959 ఏప్రిల్ 1న రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడింది. ఇళ్ళకు సర్వీసులు ఇవ్వడం ఆ తరువాత జోరందుకుంది.

మా వీధి చివర ఒక హెడ్మాష్టారి ఇల్లుంది. పేరు వెయ్యవద్దన్నారు కనుక మాష్టారనే రాస్తాను. నాకన్న మూడేళ్ళు పెద్ద. ఆయన తండ్రిగారి పేర వచ్చిన సర్వీసు కనెక్షను రసీదు ఇనప్పెట్టెలో ఇప్పటికీ భద్రంగా ఉంది. సంవత్సరం 1961, జిల్లా శ్రీకాకుళం. ఆ ఇల్లు 1979లో విజయనగరం జిల్లాలోకి, 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వచ్చింది. ఇల్లు అంగుళం కదలకుండానే మూడు జిల్లాలు చూసింది. లోపలి తీగల సంగతి అంతకన్న చిక్కు. ఈ అరవై ఏళ్ళలో నాలుగు రకాల తీగలు వచ్చి చేరాయి. వచ్చింది ఏదీ పోలేదు, పాతదాని మీద కొత్తది అతికింది.

మొదటి తీగను మేము వి.ఐ.ఆర్. అనేవాళ్ళం. రాగి తీగ, దాని మీద గంధకం కలిపి ఉడికించిన రబ్బరు, ఆపైన నూలు అల్లిక. రబ్బరులోని గంధకం రాగిని తినేస్తుంది కనుక రాగికి ముందుగా తగరం పూత పూసేవారు. టేకు చెక్కలో రెండు గాడులు తీసి, ఒక గాడిలో ఫేజు, రెండో గాడిలో న్యూట్రలు పరిచి, పైన చెక్క మూతను మరలతో బిగించేవారు. కేసింగు–కేపింగు పని అంటే అదే. మూలల దగ్గర చెక్కను ఏటవాలుగా కోసి అతికిన తీరు చూస్తే ఆ పనివాడు వడ్రంగికి ఏమాత్రం తీసిపోడనిపిస్తుంది. రసీదుతో పాటు కాంట్రాక్టరు సంతకం చేసిన టెస్టు రిపోర్టు కూడా ఉంది. 1956 నాటి ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్సు ప్రకారం లైసెన్సు ఉన్న కాంట్రాక్టరే పని చెయ్యాలి. రిపోర్టులో ఉన్నవి ఐదు దీపాలు. ఐదు 40 వాట్ల బల్బులు కలిపితే 200 వాట్లు, అంటే ఒక ఆంపియరు కూడా కాదు. తరువాత ఒక ఫ్యాను, ఒక వాల్వు రేడియో వచ్చాయి. దీపాల సర్క్యూట్ ఒకదానికి పది పాయింట్లు, 800 వాట్లు మించరాదని మాకు నేర్పిన నియమం ఆ రోజుల్లో ఏ ఇంటికీ అడ్డు రాలేదు.

కాపలా అంతా పింగాణీ కట్‌అవుట్‌లోని ఫ్యూజు తీగదే. 5 ఆంపియర్లకు మిల్లీమీటరులో అయిదో వంతు మందం, 15 ఆంపియర్లకు అర మిల్లీమీటరు. ఫ్యూజు పోతే వెయ్యడానికి ఆ తీగ ఎవరి ఇంట్లోనూ ఉండేది కాదు. సిగరెట్టు పెట్టెలోని రేకు, తెగిన వైరులోంచి పీకిన నాలుగు రాగి పోగులు, ఏది దొరికితే అది. "మళ్ళీ పోకుండా గట్టిగా వేసీసేను బాబూ" అని గొప్పగా చెప్పేవారు. ఇకమీదట కట్‌అవుట్‌లో తీగ బదులు గోడ మీది తీగ కాలుతుందని దాని భావం. ఆ రోజుల్లో అలా చేసినా చాలా ఇళ్ళు బతికి బట్టకట్టడానికి కారణం వాడకం తక్కువ కావడమే. ఐదు బల్బులు ఎంత మొండి ఫ్యూజునైనా పరీక్షకు పెట్టవు.

రెండో తీగ వంటింటికీ పెరటి గదికీ వేసినది. టేకు పట్టీ మీద క్లిప్పులతో బిగించిన నల్ల సి.టి.ఎస్. తీగ. ఆ కాలంలోనే, 1970 ప్రాంతంలో, వీధి అరుగు మీదికి ఒక దీపం వచ్చింది. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. సాలూరు లారీల ఊరన్న సంగతి మీకు కొత్త కాదు. లారీలు, లారీల బాడీలు కట్టే షెడ్లు, వాటి వెంట వడ్రంగులు, కమ్మరులు, పెయింటర్లు, బ్యాటరీ పనివాళ్ళు. లారీ వైరింగు నేర్చినవాడు ఇంటి వైరింగుకూ పిలుపు అందుకునేవాడు. చెయ్యి చురుకు, కూలి తక్కువ. అయితే లారీలో దీపానికి బ్యాటరీ నుంచి పోయేది ఒకటే తీగ. తిరుగు దారి ఛాసిస్ ఇనుమే. వాళ్ళ భాషలో దాన్ని 'ఎర్తు' అంటారు. పన్నెండు, ఇరవై నాలుగు వోల్టుల దగ్గర అది సరైన పద్ధతే, లోకమంతా మోటారు బండ్లకు అలాగే చేస్తారు. ఆ చేతివాటంతోనే ఎవరో మాష్టారి అరుగు దీపానికి ఫేజు తీగ ఒకటి లాగి, న్యూట్రలు దూరమని, పక్కనే గోడ దిగుతున్న ఎర్తు తీగకు రెండో కొస కలిపేశారు. దీపం వెలిగింది. యాభై ఏళ్ళు వెలుగుతూనే ఉంది. ఆ కథ మళ్ళీ వస్తుంది.

మూడోది అల్యూమినియం. 1960ల నుంచి రాగికి కొరత, దిగుమతికి విదేశీ మారకద్రవ్యం లేదు. దేశమంతా స్తంభాల మీదే కాదు, ఇళ్ళలో కూడా అల్యూమినియం తీగ వాడింది. మాష్టారు 1978లో కట్టించిన మేడ గదిలో 1.5 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం తీగే ఉంది. అల్యూమినియంలో దోషం తీగ పొడవునా ఉండదు, కొసల దగ్గర ఉంటుంది. గాలి తగిలితే దాని మీద కరెంటు పోనివ్వని పొర ఏర్పడుతుంది. మర కింద బిగిస్తే మెల్లగా ఒత్తుకుపోయి కొన్నేళ్ళకు వదులవుతుంది. వదులైన చోట వేడి, వేడికి మరింత వదులు. ఇది మన పేదరికం వల్ల వచ్చిన తంటా మాత్రమే అనుకోనక్కరలేదు. అమెరికాలో కూడా 1965 నుంచి 1973 వరకు రాగి ధర పెరిగి లక్షల ఇళ్ళకు అల్యూమినియం వేశారు. 1972కు ముందరి అల్యూమినియం ఉన్న ఇంట్లో ఏదో ఒక జాయింటు నిప్పంటుకునేంత వేడెక్కే అవకాశం రాగి ఇంటికన్న 55 రెట్లు ఎక్కువని అక్కడి వినియోగదారుల భద్రతా సంస్థ చేయించిన సర్వేలో తేలింది.

నాలుగోది 1990ల తరువాత ప్లాస్టిక్ పైపుల్లో వచ్చిన రాగి తీగ. ఫ్రిజ్జి, మిక్సీ, నూతి మోటారు, గీజరు ఆ తీగల మీద వచ్చాయి. వీటికి మూడు కాళ్ళ ప్లగ్గు కావాలి, మూడో కాలికి ఎర్తు కావాలి. ఆ ఎర్తును పెరట్లోని పాత గొయ్యికే కలిపారు. అరుగు దీపం తిరుగు దారి ఏ గొయ్యికి పోతోందో, ఆ గొయ్యికే.

ఇక బ్రేకరు సంగతి. ఎక్కువ కరెంటు పోతే తనంతట తాను తెగి, మళ్ళీ ఎత్తితే పనిచేసే చిన్న స్విచ్చిని జర్మనీలో మాన్‌హైమ్ నగరానికి చెందిన హ్యూగో స్టోట్జ్ కంపెనీ 1924లో పేటెంటు చేసింది. మనం ఎం.సి.బి. అంటున్నది దాని సంతతే. అందులో ఇద్దరు కాపలాదారులు ఉంటారు. రెండు లోహాలు అతికించిన పట్టీ ఒకటి. అది వేడికి వంగుతుంది కనుక, తీగ మీద బరువు ఎక్కువైతే కొన్ని నిమిషాలకు స్విచ్చిని పడగొడుతుంది. రెండోది తీగచుట్ట. షార్టు అయితే రెప్పపాటులో లాగేస్తుంది. కాబట్టి ఎం.సి.బి. ఎత్తగానే పడితే షార్టు, పది ఇరవై నిమిషాలకు పడితే బరువు అని మొదటి లెక్క వేసుకోవచ్చు. పడిన పిడి ఒక్కొక్కసారి మధ్యలో ఆగి ఉంటుంది. పూర్తిగా కిందికి నొక్కి ఆ తరువాత ఎత్తాలి. ఇది తెలియక బ్రేకరే పోయిందని మార్చినవారిని చూశాను.

దాని పక్కన వెడల్పుగా, టెస్టు బొత్తం ఉండేది ఆర్.సి.సి.బి. కొందరు పాత అలవాటున ఇ.ఎల్.సి.బి. అంటారు. దీనికి బరువుతో పని లేదు. ఫేజు తీగలో వెళ్ళిన కరెంటంతా న్యూట్రలు తీగలో తిరిగి వచ్చిందా లేదా అని తూచే తక్కెడ ఇది. తేడా వస్తే ఆ కరెంటు నేలలోకో, మనిషిలోకో పోతోందని అర్థం, వెంటనే పడిపోతుంది. ఆస్ట్రియాలో బీగెల్‌మయర్ 1950లలోను, అమెరికాలో చార్లెస్ డాల్జీల్ 1961లోను ఈ రకం పరికరాలు తయారుచేశారు. డాల్జీల్ బర్క్‌లీలో ఆచార్యుడు. పట్టుకున్న తీగను మనిషి తనంతట తాను వదలగలిగే కరెంటు ఎంతో మనుషుల మీదే పరీక్షించి చూశాడు. సగటున మగవారికి 16 మిల్లీ ఆంపియర్లు, ఆడవారికి 10.5. అది దాటితే చెయ్యి పట్టు బిగుసుకుపోతుంది. ఒక మిల్లీ ఆంపియరు అంటే ఆంపియరులో వెయ్యో వంతు. ఇళ్ళకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టమనేది, అది పడడానికి సెకనులో చిన్న భాగమే పడుతుంది కనుక, గుండె తప్పిపోయేలోపు ప్రాణం దక్కుతుందని. 6 ఆంపియర్ల ఎం.సి.బి. దగ్గర ఈ రక్షణ దొరకదు. మనిషిని చంపే కరెంటు దానికి లెక్కలోకే రాదు.

మాష్టారి అబ్బాయి 2022లో వచ్చినప్పుడు పాత మెయిను, కట్‌అవుట్లు తీయించి, ఆర్.సి.సి.బి.తో సహా కొత్త బోర్డు పెట్టించాడు. మంచి పనే. కాని బోర్డు మాత్రమే కొత్తది, ఇంటి తీగలన్నీ పాతవే. మరుసటి ఏడాది జూలై ముసుర్లలో గొడవ మొదలైంది. రాత్రిళ్ళు కరెంటు పోవడం, చీకట్లో మాష్టారు టార్చి పట్టుకుని స్టూలు ఎక్కి బోర్డు ఎత్తడం. ఎనభై మూడేళ్ళ మనిషి స్టూలు ఎక్కడం ఒక్కటి చాలు, నేను వెళ్ళడానికి. అప్పటికే ఐ.టి.ఐ. చదివిన కుర్రాడొకడు వచ్చి ఆర్.సి.సి.బి. మార్చాడు. కొత్తదీ పడింది. నేను వెళ్ళేసరికి బోర్డు మూత విప్పి నిలబడి ఉన్నాడు.

"సార్, వొయిరింగు బాగానే ఉంది. ఈ డబ్బాయే సున్నితం. తీసీసి డైరెక్టు ఇచ్చీమంటారా? పక్కీధిలో రెండిళ్ళకి అలాగే సేసీసేం, మరి పడనేదు."

మాష్టారు నా వైపు చూశారు. "ఏమయ్యా, రాత్రి నిద్ర లేకుండా పోతోంది. అలా చేయించెయ్యమంటావా?"

డైరెక్టు చేస్తే ఆ రాత్రి ఆయన హాయిగా నిద్రపోయేవారే. కుర్రాడిని తప్పుపట్టి లాభం లేదు. పడే బ్రేకరు ఎదురుగా కనిపిస్తుంది, కారణం గోడలో దాక్కుంటుంది. రెండు వారాలు ఆగమని మాష్టారిని బతిమాలాను. ఈలోగా పడినప్పుడల్లా తేదీ, వేళ, వాన ఉందా లేదా, ఏ స్విచ్చి వేశారు అన్నవి రాయమన్నాను. స్టూలు ఎక్కకుండా బోర్డును చేతికందే ఎత్తుకు దింపించాను. ముప్పై ఎనిమిదేళ్ళు హాజరు పట్టీ నడిపిన మనిషి కనుక ఎర్ర సిరా గీతలు కొట్టి మరీ రాశారు. అంత చక్కని లాగ్ షీటు మా సబ్‌స్టేషన్లలో కూడా నేను చూడలేదు.

ఆ పట్టీ చూడగానే సగం తేలిపోయింది. పదహారుసార్లు పడితే అందులో తొమ్మిది సాయంత్రం ఆరుంపావు, ఆరూ నలభై మధ్య. అదీ రోజూ కాదు, గాలిలో తేమ ఉన్న రోజుల్లో. మిగిలిన ఏడూ గట్టి వాన పడిన గంట రెండు గంటలకు, పగలైనా రాత్రైనా. కాబట్టి దోషం ఒకటి కాదు, రెండు. మాష్టారి భార్య, నేను అక్కగారూ అంటాను, అప్పుడు అన్నారు. "దీపాలు పెట్టే వేళ పడుతుంది బాబూ. అన్నీ ఆపేసి ఎత్తితే నిలబడుతుంది."

దీపాల వేళ వేసే స్విచ్చిలు నాలుగు. నట్టింటిది, దేవుడి గదిది, వంటింటిది, అరుగుది. మెయిను పూర్తిగా ఆపించి, ఒక్కొక్క దీపం తిరుగు తీగ ఎక్కడికి పోతోందో కుర్రాడి చేత మీటరు పెట్టించాను. మూడు న్యూట్రలుకు పోయాయి. అరుగు దీపానిది న్యూట్రలుకు అందలేదు. ఎర్తు తీగకు పెడితే మీటరు సున్నా ఓములు చూపించింది.

"ఇదేటి సార్, ఎర్తుకి కలిపీసేరు?" అన్నాడు.

"లారీ లాగ కట్టేరు నాయనా" అన్నాను. వాళ్ళ నాన్న బ్యాటరీ షాపులోనే పెరిగినవాడు, వెంటనే అర్థమై నవ్వేశాడు.

ఇప్పుడు ఆ దీపం ఐదు వాట్ల ఎల్.ఇ.డి. దాని కరెంటంతా న్యూట్రలుకు రాకుండా నేలలోకి పోతోంది. ఆ దీపం వాటా పాతిక మిల్లీ ఆంపియర్లకు అటూ ఇటూ. ఆర్.సి.సి.బి. మీద 30 అని రాసి ఉన్నా, 15కూ 30కీ మధ్య ఎక్కడైనా పడవచ్చు. ఇంట్లో తేమ వల్ల కారే రెండు మూడు మిల్లీ ఆంపియర్లు తోడైన రోజున పడుతుంది, పొడిగా ఉన్న రోజున నిలబడుతుంది. ఆర్.సి.సి.బి. ఇంట్లోని కారుడులన్నిటినీ కలిపి తూచుతుంది కనుక ఇటువంటి చిత్రాలు జరుగుతాయి.

అప్పుడు అక్కగారు చెప్పిన మాట నన్ను ఇప్పటికీ వదలలేదు. "వేసవిలో ఆ దీపం మందగించేది బాబూ. ఎర్తు గొయ్యిలో బిందెడు నీళ్ళు పోస్తే మళ్ళీ బాగా వెలిగేది. అందుకే రోజూ పోసేదాన్ని." ఇంకొకటి కూడా చెప్పారు. పాత బల్బు ఉన్న రోజుల్లో సాయంత్రం పూట తడి కాళ్ళతో ఫ్రిజ్జి తలుపు తీస్తే చెయ్యి జివ్వుమనేదట. పగలు ఏమీ ఉండేది కాదట. ఫ్రిజ్జి పాతదని సరిపెట్టుకున్నారు.

లెక్క చూడండి. 40 వాట్ల బల్బు ఆపు శక్తి సుమారు 1,320 ఓములు. వేసవిలో ఎండిన గొయ్యి 300 ఓములు ఉందనుకుంటే, 230 వోల్టుల్లో 42 వోల్టులు గొయ్యి దగ్గరే మిగులుతాయి. ఆ గొయ్యికే ఫ్రిజ్జి బాడీ, మిక్సీ ప్లగ్గు, గీజరు, మోటారు అన్నీ కలిపి ఉన్నాయి. అంటే రక్షణకు పెట్టిన ఎర్తు తీగే సాయంత్రం దీపం వెయ్యగానే ఇంట్లోని ప్రతి ఇనప వస్తువు మీదికి 42 వోల్టులు చేరవేసేది. ఆ బిందెడు నీళ్ళు గొయ్యిని తడిపి ఆ వోల్టులను తగ్గించాయి. ఎర్తు తీగ ఎక్కడైనా తుప్పుపట్టి తెగి ఉంటే, బల్బులోంచి వచ్చిన 230 వోల్టులూ ఫ్రిజ్జి తలుపు మీదే ఉండేవి. డైరెక్టు చేసి ఉంటే దాన్ని ఆపే పరికరం ఇంట్లో ఏదీ ఉండేది కాదు. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాక మాష్టారు మరి డైరెక్టు మాట ఎత్తలేదు. అక్కగారు మాత్రం చాలాసేపు ఫ్రిజ్జి వైపే చూస్తూ కూర్చున్నారు.

రెండో దోషం వానది. దీనిలో కుర్రాడిని తికమక పెట్టిన సంగతి ఒకటుంది. నట్టింటి దీపాల ఎం.సి.బి. కిందికి దించి ఉన్నా ఆర్.సి.సి.బి. పడుతోంది. ఇళ్ళలో పెట్టే ఒంటి ఎం.సి.బి. ఫేజునే తెంపుతుంది, న్యూట్రలును తెంపదు. తడిసిన చోట న్యూట్రలు నేలకు తగిలితే, వేరే గదిలో వాడిన కరెంటులో కొంత భాగం ఆ దారిన నేలలోకి జారుకుంటుంది. అందుచేత న్యూట్రలు తీగలను కూడా బోర్డు పట్టీ నుంచి ఒక్కొక్కటీ విడదీసి, తెలిసిన కాంట్రాక్టరు దగ్గర 500 వోల్టుల మెగ్గరు తెప్పించి చూశాం. ఒక మెగోము అయినా ఉండవలసిన చోట నట్టింటి సర్క్యూట్ దాదాపు సున్నా చూపింది. దూలం పక్కన పెంకు జారి, వాన నీరు సరిగ్గా 1961 నాటి టేకు కేసింగు మీదికి కారుతోంది. మూత విప్పితే లోపల రబ్బరు మిరియాల పొడిలా రాలింది. చెక్క నీరు పీల్చుకుని ఉంది. తేమకు తోడు నల్లగా కాలిన మచ్చ ఒకటి, రూపాయి బిళ్ళంత. పైన ఎండిన వాసాలు. ఇంతకన్న రాయనక్కరలేదు.

మేడ గదిలో బ్రేకరు ఒక్కసారీ పడలేదు. "అదొక్కటే బాగుంది" అన్నారు మాష్టారు. నాకు నమ్మకం కలగక గీజరు స్విచ్చిబోర్డు విప్పించాను. అల్యూమినియం తీగ కొస దగ్గర బ్యాకలైటు ఉబ్బి, గోధుమ రంగు తిరిగి ఉంది. గీజరు 2,000 వాట్లు, సుమారు 8.7 ఆంపియర్లు. ఇస్త్రీ పెట్టె కూడా అదే తీగ మీద. జాయింటు వదులైతే కరెంటు పెరగదు, పైగా కొంచెం తగ్గుతుంది. అందుచేత ఎం.సి.బి.కి గాని ఆర్.సి.సి.బి.కి గాని అది తెలియదు. అక్కడ పనికివచ్చేవి మన ముక్కూ, చెయ్యీ. స్విచ్చి ప్లేటు వేడిగా తగిలినా, కమురు వాసన వచ్చినా, ఫ్యాను వేస్తే దీపం మిణుకుమన్నా చూపించుకోవాలి. మన సభ్యులలో మేడ గదులు 1970లు, 80లలో కట్టించినవారు ఎక్కువ. వారు ముఖ్యంగా ఈ పేరా మరొకసారి చదవండి.

బ్రేకరు పడినప్పుడు మీరు చెయ్యదగినది కొద్దిగానే ఉంది. పడింది ఏదో చూడండి, వెడల్పుదా, సన్నదా. ప్లగ్గులన్నీ పీకి, స్విచ్చిలన్నీ ఆపి, ఒకసారి ఎత్తండి. నిలబడితే ఒక్కొక్కటే వేస్తూ, దేనితో పడుతుందో రాసుకోండి. ఏమీ వెయ్యకుండానే పడితే, లేదా ఒకసారి ఎత్తాక మళ్ళీ పడితే, మళ్ళీ మళ్ళీ ఎత్తకుండా ఆపి మనిషిని పిలవండి. 16 ఆంపియర్లది పడుతోందని 32 వేయించుకోవద్దు. అది పాత రోజుల మొండి ఫ్యూజే, వేషం కొత్తది. ఆర్.సి.సి.బి. పడుతోందని 30 బదులు 100 మిల్లీ ఆంపియర్లది పెట్టమని మాష్టారి అబ్బాయి ఫోనులో ఒక సలహా చెప్పాడు. చదువుకున్నవాడు కనుక డాల్జీల్ లెక్క చెప్పగానే విరమించుకున్నాడు.

ఇంటి తీగంతా మార్చడానికి పదకొండు రోజులు పట్టింది. మాష్టారి నెల పింఛనుకు మించి ఖర్చయింది, మిగిలినది అబ్బాయి పంపించాడు. దీపాలకు 1.5, ప్లగ్గులకు 2.5, గీజరుకు విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ. ఎర్తుకు కొత్త గొయ్యి, అరుగు దీపానికి సొంత న్యూట్రలు. పెంకు సర్దించిన తరువాతే తీగ పని మొదలుపెట్టించాను. పని అయ్యాక మెగ్గరు పెడితే ముల్లు అనంతం దగ్గర నిలబడింది. 2023 చివరి వానలు, ఆ తరువాతి రెండు వానాకాలాలు దాటాయి. ఆర్.సి.సి.బి. తనంతట పడింది ఒక్కసారే, అదీ పాత మిక్సీ వల్ల. పింఛను పడే ఒకటో తారీఖున అక్కగారు టెస్టు బొత్తం నొక్కుతారు. అది పడితే ఎత్తి, క్యాలెండరు మీద టిక్కు పెడతారు. ఎర్తు గొయ్యిలో నీళ్ళు ఇప్పుడూ పొయ్యాలా అని అడిగారు. వేసవిలో తప్పకుండా పొయ్యమన్నాను.

కేసింగులోంచి లాగిన పాత తీగ తెల్లగా మెరుస్తుంటే కుర్రాడు అల్యూమినియం అనుకుని చెత్తలో పడెయ్యబోయాడు. చాకుతో గీకి చూపించాను, తగరం కింద ఎర్రటి రాగి. తూకానికి కిలో పైచిలుకు వచ్చింది, వాడినే తీసుకోమన్నారు మాష్టారు. టేకు పట్టీలను మాత్రం అక్కగారు ఇవ్వలేదు. పెరట్లో ఆనప పాదుకు పందిరి వేయించారు.